వైపర్ల మేస్త్రీ గారు

ఎండు అద్దం మీద వైపర్ వేసేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. విజయవాడ నుంచి కంకిపాడు వచ్చే సిటీ బస్సులో కూర్చుని ఉండగా డ్రైవరు దుమ్ము పోతుందని వైపర్ నొక్కాడంటే, ఆ గరగర చెవిన పడగానే సీట్లోంచే అందుకునేవారట. నీళ్ళు కొట్టకుండా తోముతావా, నీ మొహం అట్టాగే కడుక్కుంటావా అని. డ్రైవర్లు నవ్వి ఊరుకునేవారు. ఆ బస్సుల్లో సగం వాటి వైపర్లు ఏదో ఒక రోజు ఆయన చేతిలో పడినవే.

ఆయన పేరు రాయను. ఆటోనగర్లో అందరికీ వైపర్ల మేస్త్రీ, నాకు మేస్త్రీ గారు. ఇంజన్లు విప్పేవాళ్ళూ గేరుబాక్సులు దించేవాళ్ళూ ఉన్న చోట యాభై ఏళ్ళపాటు వైపర్లు తప్ప ఇంకో పని ముట్టుకోని మనిషి. అదేం పనండీ మేస్త్రీ గారూ, ఇంజన్ పని నేర్చుకోలేకపోయారా అని ఒకసారి వెటకారమాడాను. ఆయన నొచ్చుకోలేదు. "ఇంజన్ ఆగితే బండి ఆగుద్దమ్మా. వైపర్ ఆగితే బండి ఆగదు, పోతానే ఉంటది. అదీ తేడా" అన్నారు. ఆ తర్వాత నేను ఆ విషయంలో నోరెత్తలేదు.

ఆయన పోయారు. నాకు తెలిసేసరికి నలభై రోజులు దాటింది. అది కూడా నేను ఆయన కోసం కాదు, నా జీపు కోసం ఫోన్ చేసినప్పుడు తెలిసింది. సిగ్గుపడాల్సిన మాటే. ఇంకా సిగ్గుపడాల్సినవి ఉన్నాయి కాబట్టి దీన్ని ముందే చెప్పేస్తున్నాను.

చేపల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేయడం నా వృత్తి. కంకిపాడులో మా ఇంటి ముందు గదే నా ల్యాబు. గుడివాడ అవతల చెరువు గట్ల మీద చినుకు పడితే మామూలు కార్లు ఇరుసుదాకా దిగబడిపోతాయి. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత జీపొకటి హనుమాన్ జంక్షన్లో ఒక రొయ్యల వ్యాపారి దగ్గర కొన్నాను. మా ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆయనకీ ఆ జీపుకీ పడదు. దాన్ని నడిపేదీ, కడిగేదీ, తిట్టేదీ నేనే.

ఐదేళ్ళ కిందట జూన్ మొదట్లో దాని వైపర్లు మొరాయించాయి. నా వైపుది సగం దాకా వెళ్ళి వణికేది, పక్కది అసలు లేచేదే కాదు. ఆటోనగర్ తీసుకెళ్ళాను. మొదటి షాపులో, సారు రాలేదా అండీ అన్నారు. రెండో షాపువాడు నాతో మాట్లాడుతూనే నా వెనక ఎవరైనా మగమనిషి వస్తున్నాడేమోనని మెడ చాచి చూశాడు. మూడోది సెల్ఫ్ మోటార్లు బాగుచేసే చిన్న షెడ్డు. షాపతను ఏదో పనిలో ఉంటే, పక్కన బోర్లించిన గ్రీజు డబ్బా మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్ల గడ్డం, గళ్ళ లుంగీ, దళసరి కళ్ళద్దాలు. ఆ అద్దాలని చొక్కా అంచుతో తుడుచుకుంటూ, వైపర్ వెయ్యమ్మా అన్నారు. వేశాను. ఆపమన్నారు. ఆపాను. ఇప్పుడు చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపమన్నారు. ఊపితే లోపలెక్కడో టిక్కు టిక్కుమంది.

"మోటారు బంగారం. బుష్షులు పోయినయ్. లింకు రాడ్లు కూడా మార్చాలి. దీనికి షాపెందుకమ్మా, ఇంట్లో చేసుకునే పని. ఆదివారం నేనొస్తా. చేసేది మాత్రం నువ్వే" అన్నారు.

సారు సంగతి అడగలేదు. ఆ ఒక్క దానికే ఆయన నాకు నచ్చేశారు. ఆ షాపు ఆయన కొడుకుదట. నేను బండి తీస్తుంటే అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, మీ ఇల్లు బస్టాపుకి ఎంత దూరమండీ, రోడ్డు దాటాలా, సందు మొదట్లో ఏముంటుంది అని ఒకటే ఆరా తీశాడు. టీ కొట్టుంటుందని చెప్పాను. తండ్రి మీద ఇంత శ్రద్ధ ఉన్న కొడుకు ఈ రోజుల్లో ఎక్కడుంటాడు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వచ్చారు. పోర్టికోలో జీపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. స్పానరు నా చేతిలో పెట్టారు. జన్మలో స్పానరు పట్టుకున్నదాన్ని కాను. ముందు వైపర్ ఆర్ములు ఊడదీయాలి. పైన చిన్న మూత, దాని కింద నట్టు. నట్టు వచ్చింది గానీ ఆర్ము రాదు. తుప్పుతో ఇరుసుకి కరుచుకుపోయింది. సుత్తి అందుకోబోయాను. ఆ చప్పుడుకే ఆయనకి తెలిసిపోయింది. సుత్తి కింద పెట్టమ్మా, కొడితే లోపల మరలు చస్తాయి, ఒక గ్లాసుడు వేణ్ణీళ్ళు తే అన్నారు. వేణ్ణీళ్ళు పోసి, కాస్త ఆగి, రెండు చేతులతో కదిపితే పాల పళ్ళలా ఊడొచ్చింది.

తర్వాత అద్దం కింద రేకు విప్పాం. లోపల మోటారు, దాన్నుంచి రెండు వైపులకీ పోయే రాడ్లు, రాడ్ల చివర బుష్షులు. గుండ్రంగా ఉండాల్సిన బుష్షులు అరిగి కోడిగుడ్డు ఆకారానికొచ్చాయి. ఒక్కొక్కటీ తీసి ఆయన అరచేతిలో పెట్టేదాన్ని. ఆయన బొటనవేలి గోరుతో లోపలి అంచు చుట్టూ గీసి చూసి, ఇది నాలుగేళ్ళది, ఇదెవడో నిరుడు మార్చాడు, దొంగ సరుకు వేశాడు అని చెప్పేవారు. విప్పిన నట్లూ బోల్టులూ డబ్బాలో వేయనిచ్చేవారు కాదు. నా వైపువి ఆయన చొక్కా జేబులోకి, పక్క వైపువి లుంగీ మడతలోకి. ఇదేం అలవాటండీ, డబ్బా ఇస్తాను కదా అంటే, డబ్బాలో వేస్తే కలిసిపోతాయమ్మా అనేవారు. వేలి కొసలతో తాకి, ఇది పది నంబరు, ఇది పన్నెండు అని చెప్పేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు.

కొత్తవి బిగించేటప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆయన బాత్రూముకి వెళ్ళిన సమయంలో, సగం పని అయిపోయిందనిపించుకుందామని ఆర్ములు తొడిగేసి స్విచ్చు వేశాను. రెండూ ఒక్కసారిగా లేచి, పోటీ పడి ఒకటి రెండో దాని మీద పడి, కిందికొచ్చి బానెట్ రేకుకి కొట్టుకున్నాయి. ఒక బ్లేడు విరిగి గేటు దాకా ఎగిరింది. ఆయన వస్తూ వస్తూ ఆ చప్పుడు విని గుమ్మంలోనే ఆగిపోయారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. మళ్ళీ ఆర్ములు తీయించారు. ఉత్త మోటారు తిప్పి ఆపమన్నారు. "అదెక్కడ ఆగుద్దో అదే దాని చోటు. దాన్ని దాని చోట ఆగనియ్. ఆ తర్వాతే ఆర్ము తొడుగు. నీ ఇష్టమొచ్చినకాడ తొడిగితే అట్టాగే కొట్టుకుంటయ్" అన్నారు.

పనంతా అయ్యాక పరీక్ష. అది మాత్రం నాకు చిరాకు తెప్పించేది. నన్ను లోపల స్టీరింగు ముందు కూర్చోబెట్టి, బయట నుంచి మగ్గుతో అద్దం మీద నీళ్ళు పోసేవారు. వైపర్ వెయ్, ఏం కనపడుతోందో చెప్పు అనేవారు. గేటండీ అంటే, గేటు సరే, గేటు మీద అనేవారు. కాకి. ఏ వైపు చూస్తోంది? రోడ్డు వైపు. రోడ్డు మీద? ఎవరో సైకిలు మీద పోతున్నారు. ఆడా మగా? ఏం చొక్కా? గీతలేమైనా అడ్డం వస్తన్నయ్యా, ఏ మూల? ఇలా పావుగంట. ఇంత వయసొచ్చింది, ఈయనకేంటీ పిల్లచేష్టలు అనుకునేదాన్ని. లోపల్నుంచి విసుక్కుంటూ చెప్పేదాన్ని. ఆయన మాత్రం నేను చెప్పేది శ్రద్ధగా వినేవారు, తల కొంచెం పక్కకి వంచి.

అలా ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు. చెరువు గట్ల బురద బుష్షుల్లోకి పోయి తినేసేది మరి. బస్టాపు నుంచి తీసుకొస్తానంటే ఒప్పుకునేవారు కాదు. పంచదార వద్దని టీ తాగి, బిస్కెట్లు మాత్రం నాలుగు తినేవారు. మధ్యాహ్నం నమాజు వేళకి వెనక కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, పోర్టికోలో తువ్వాలు పరుచుకునేవారు. మా గేటు తూర్పు. జీపు ఎప్పుడూ మూతి గేటు వైపు ఉండేలా పెడతాను. ఆయన వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, జీపు వెనక భాగం ఎటుందో అటు తిరిగి నిలబడేవారు. అటే పడమర. జీపు మీద చెయ్యి వేయడం ఏదో మమకారం అనుకునేదాన్ని.

మూడో ఏడు మోటారు వంతు వచ్చింది. లోపలి పళ్ళచక్రం అరిగిపోయింది. సగం విప్పేసరికి పట్టపగలే మబ్బు కమ్ముకుని వాన మొదలైంది. జల్లు సరిగ్గా గేటు వైపు నుంచి కొట్టి, విప్పిన రేకులోకి నీళ్ళు పోతున్నాయి. ఆయన వెనక కుళాయి దగ్గరున్నారు. నేను గబగబా జీపు బయటికి తీసి, వీధిలో తిప్పి, మూతి ఇంటి వైపు ఉండేలా లోపలికి పెట్టాను. ఆయన వచ్చారు. బానెట్ తడిమారు. తువ్వాలు పరిచారు. గేటు వైపుకి.

నాకు మొదట అర్థం కాలేదు. మేస్త్రీ గారూ, పడమర ఇటు కదండీ అన్నాను.

ఆయన చెయ్యి మళ్ళీ బానెట్ మీదికి పోయింది. "జీపు తిప్పావా అమ్మా?" అని అడిగారు.

జీపు ఆయనకి రెండడుగుల దూరంలో ఉంది. జేబులో నట్లు, గోటితో గీయడం, గేటు మీది కాకి, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నేను ఆయన భుజం పట్టుకుని పడమరకి తిప్పాను. ఆయన తిరిగి, నమాజు చేసుకున్నారు. నేను మెట్ల మీద కూర్చుని వాన చూస్తూ ఉండిపోయాను.

అయ్యాక కుర్చీలో కూర్చుని తనే చెప్పారు. కళ్ళకి నీటికాసులట. ముందు పక్కల చూపు పోయింది, తర్వాత మధ్యలోది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఒక్కడే ఆస్పత్రికి వెళ్ళి చూపించుకున్నారు, పోయింది రాదన్నారు. ఎప్పటి నుంచండీ అని అడిగాను. నిన్ను కలవక ముందే అన్నారు. మూడేళ్ళు నా ఇంటికొచ్చి, నా చేత పని చేయించి, నన్ను ఒక్కసారి కూడా చూడని మనిషి ఆయన.

ఇంట్లో తెలుసా అన్నాను.

"తెలీదు. తెలీకూడదు. మా నాన్నకీ ఇదే జబ్బు. నేనే ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టా. ప్రేమతోనేలే. గడప దాటనియ్యలా. ఆరేళ్ళు కూర్చున్నాడు. పొద్దస్తమానం టైమెంతరా, టైమెంతరా అని అడిగేవాడు. ఇంకేం పనుంది ఆయనకి. మావాడు నాకన్నా మంచోడమ్మా. వాడు అసలే కదలనియ్యడు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఒట్టు పెట్టమని ఆయన అడగలేదు. "నేను నీకు చెప్పలా, నువ్వు కనిపెట్టావు. కనిపెట్టినోళ్ళు నోరు మూసుకోవాలి" అని నవ్వారు. ఆ రోజు పళ్ళచక్రం మార్చి, మోటారు బిగించి, నీళ్ళు పోస్తే నేను ఏమాత్రం విసుక్కోకుండా కనపడినవన్నీ చెప్పాను. వీధి చివర కరెంటు స్తంభం మీద చిరిగిన గాలిపటం దాకా చెప్పాను. చాల్లే తల్లీ, వైపర్ బాగానే ఉంది అన్నారు.

మాట నాలుగు నెలలు నిలబెట్టుకున్నాను.

అక్టోబరులో తుపాను కబుర్లు మొదలయ్యాక ఒకసారి చూసిపెడతానని ఫోన్ చేశారు. వస్తానన్న రోజు ఉదయం నేను మందుల షాపు దగ్గర ఉన్నాను. ఆయన అవతల బస్సు దిగి, డివైడరు దగ్గర నిలబడి ఉన్నారు. చెవి రోడ్డు వైపు పెట్టి వింటున్నారు. ఒక బస్సు పోయింది. అడుగు వేశారు. ఆ బస్సు మోతలో దాని వెనక వస్తున్న లారీ చప్పుడు కలిసిపోయింది. బ్రేకు అరిచిన అరుపుకి బజారంతా తిరిగి చూసింది. మా సందు మొదట్లో టీ కొట్టు అతను ఎప్పుడు దూకాడో, రెండు చేతులూ ఎత్తి లారీకి అడ్డంగా రోడ్డు మధ్యలో ఉన్నాడు. మేస్త్రీ గారు ఏమీ జరగనట్టు రోడ్డు దాటి, మా సందులోకి తిరిగి, నేను వెళ్ళేసరికి మా పోర్టికోలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టీ అడిగారు. ఆయన పంచదార వేసుకోరన్నది మర్చిపోయి రెండు చెంచాలు వేసి ఇచ్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆయన చచ్చిపోతారన్న భయం సగమే. నా ఇంటికొస్తూ చచ్చిపోతారన్నది మిగతా సగం. రేపేదైనా జరిగితే, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని ఆ కొడుకు నా మొహాన అడిగితే ఏం చెప్పను? మా ఆయన్ని సలహా అడిగాను. చెప్పేయ్, ప్రాణం కంటే మాట ఎక్కువా అన్నాడు. లెక్కల మాస్టారికి అన్నీ తేలిగ్గా తేలిపోతాయి.

మర్నాడు కొడుక్కి ఫోన్ చేశాను. వెనక గ్రైండరు మోత. మీ నాన్నగారికి కళ్ళు కనపడటం లేదండీ, మీకెవరికీ తెలియదు, దాస్తున్నారు, నిన్న లారీ కింద పడబోయారు అన్నాను. అటు నుంచి జవాబు లేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా, దాదాపు అరుస్తూ రెండోసారి చెప్పాను. కాసేపటికి అతను సరేనండీ అన్నాడు. అంతే. ఫోన్ పెట్టేశాడు. ప్రాణం మీదికొచ్చిన సంగతి చెబితే ఒక్క థాంక్సు అయినా చెప్పడేం మనిషి అని నేనే తిట్టుకున్నాను.

వారం తర్వాత మేస్త్రీ గారికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆ తర్వాత రెండుసార్లు చేశాను. అప్పుడూ అంతే. నా మీద కోపమొచ్చి ఉంటుంది, కొడుకు నా పేరు చెప్పేసి ఉంటాడు అనుకున్నాను. బాధేసింది. కానీ దాని కింద చల్లగా ఒక నిశ్చింత కూడా ఉంది. ఇంట్లో భద్రంగా ఉన్నారు కదా, రోడ్డు మీద లేరు కదా. ఒకసారి వెళ్ళి చూడాలి అనుకుంటూనే ఏడాదిన్నర గడిపాను. కంకిపాడు నుంచి విజయవాడ ఎంత దూరమని. వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మొన్న జూన్‌లో చెరువు గట్టు మీద ఉండగా వాన అందుకుంది. వైపర్ రెండు ఊపులు ఊగి, అద్దం మధ్యలో నిలబడిపోయింది. తల బయటికి పెట్టి, తడుస్తూ, గట్టు దిగి ఇంటికొచ్చాను. ఏమైతే అయిందని మేస్త్రీ గారి పాత నంబరుకి చేశాను. ఈసారి మోగింది. కొడుకు ఎత్తాడు. నాన్న పోయి నలభై రోజులు దాటిందండీ అన్నాడు. ఎలా అంటే, ఏమీ లేదండీ, అన్నం తగ్గించేశాడు, అలా అలా అన్నాడు.

ఆదివారం పోర్టికోలో ఒక్కదాన్నే కూర్చుని జీపు విప్పాను. వేణ్ణీళ్ళు పోసి ఆర్ములు తీశాను. రేకు తీశాను. రాడ్లు లాగాను. బుష్షులు మళ్ళీ కోడిగుడ్లయ్యాయి. కొత్తవి వేసి, గ్రీజు పూసి, మోటారు తిప్పి దాని చోట ఆగనిచ్చి, అప్పుడు ఆర్ములు తొడిగాను. రెండున్నర గంటలు పట్టింది. ఎక్కడా తప్పు పోలేదు. వైపర్లు చక్కగా ఆడుతుంటే చూస్తూ ఏడ్చాను. సంతోషమేమీ లేదు. పని నేర్పిన మనిషిని నేనే పని లేకుండా చేశానన్నది పొద్దుట్నుంచీ నన్ను వదలడం లేదు.

ఆ సాయంత్రమే వానలో జీపు వేసుకుని వాళ్ళింటికి పరామర్శకి వెళ్ళాను. ఆటోనగర్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. కొడుకు కుర్చీ వేశాడు. అతని భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఎందుకు దాచాలి, నేను వెళ్ళింది ఒక్క మాట వినడానికి. మీరు చెప్పబట్టే ఆయన ఇంకో ఏడాదిన్నర బతికాడండీ అని అతని నోటి వెంట వినాలని. అందుకే నేనే ఎత్తాను. ఆ రోజు నేను ఫోన్ చేసి చెప్పకపోతే ఏమయ్యేదో అన్నాను.

అతని మొహంలో కోపమేమీ లేదు.

"మేడం, మాకు ముందే తెలుసండీ" అన్నాడు.

అతనే మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. నాన్నకి చూపు తగ్గిన ఏడాదే తెలిసిపోయిందట. ఆస్పత్రి చీటీ ఆయన చదవలేరు కదా, చొక్కా జేబులోనే ఉంచేశారు, ఉతకబోతే దొరికింది. ఆయన దాస్తున్నారని అర్థమై వీళ్ళూ దాచారు. ఇంట్లో కుర్చీ జరిపితే మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళు. పిల్లల చెప్పులు నడవలో ఉండనిచ్చేవాళ్ళు కాదు. కోడలు కంచంలో కూర ఎప్పుడూ కుడి పక్కనే వేసేది. కంకిపాడు బస్సు కండక్టర్లకి చెప్పి ఉంచాడు. కంకిపాడులో మా సందు మొదట్లో టీ కొట్టు అతనికి, నాన్న బయల్దేరిన ప్రతిసారీ ఇక్కణ్ణుంచి ఫోన్ వెళ్ళేది. ఆటోనగర్లో ఆ లైనంతటికీ తెలుసట. ఎవరూ ఒక్కమాట పొక్కనివ్వలేదు. ఆయనకి మాత్రం వీళ్ళకి తెలుసని తెలియదు.

మరి నేను చెప్పినప్పుడు, మాకు తెలుసు ఊరుకోండి అని ఒక్క మాట అనొచ్చు కదా అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఎట్టా అంటానండీ. చేతులనిండా గ్రీజు, ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్లో వేశా. నాన్న నా పక్కనే డబ్బా మీద కూర్చుని బుష్షు అరగదీస్తన్నాడు. మీరు రెండోసారి చెప్పేటప్పటికి పక్కోళ్ళు గ్రైండరు కూడా ఆపేశారండీ."

వాన రేకుల మీద పడుతోంది. నా టీ చల్లారిపోయింది. ఆయన ఏమన్నారని అడిగాను. అడగకుండా లేచి వచ్చేసి ఉంటే బాగుండేది.

"ఏమీ అనలేదండీ. బుష్షు బల్ల మీద పెట్టాడు. లేచి నుంచుని, పట్టుకోమన్నట్టు గాల్లోకి చెయ్యి చాపాడు. ఎప్పుడూ అట్టా చాపలేదండీ, మా ముందు. ఉండు నాన్నా, చేతులు కడుక్కొస్తానన్నా. నేను పోయి గ్రీజంతా వదిలించుకుని వచ్చేదాకా, అందరూ చూస్తా ఉండగా, అట్టాగే చాపుకుని నుంచున్నాడు."